నాలుగేళ్ళ పాపకూ, ఏడాదిన్నర బాబుకూ ఇంట్లో బొమ్మలు వేసుకునే సామాను: ఏవి కొనాలి, ఏవి వద్దు?

బైరాగిపట్టెడ అమ్మ, తిరుపతి

అందరికీ నమస్కారం. మాకు నాలుగేళ్ళ పాప, ఏడాదిన్నర బాబు. తిరుపతిలో రెండు గదుల అద్దె పోర్షనులో ఉంటున్నాం. పాపకు బొమ్మలు వేయడమంటే ప్రాణం. పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కనే సుద్దముక్కతో తానూ ఒకటి వేసి, దానికి కళ్ళూ ముక్కూ పెట్టి, అది నాయనమ్మ అని చెబుతుంది. ఆ ఇష్టం చెడకుండా చూసుకోవాలన్న తాపత్రయంతోనే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

పోయిన పుట్టినరోజుకు బంధువులొకరు పెద్ద రంగుల పెట్టె తెచ్చారు. అందులో నూటికి పైగా వస్తువులు ఉన్నాయి: స్కెచ్ పెన్నులు, క్రేయాన్లు, రంగు పెన్సిళ్ళు, గుండీలంత బిళ్ళల వాటర్ కలర్లు, ఒక సన్నని బ్రష్షు. రెండు వారాలు గడిచేసరికి స్కెచ్ పెన్నుల మొనలన్నీ లోపలికి దిగిపోయాయి, బ్రష్షు వెంట్రుకలు కాగితానికి అంటుకుని ఊడి వచ్చాయి, క్రేయాన్లయితే ఎంత నొక్కినా మైనం గీతే తప్ప రంగు కనిపించలేదు. పాప కాసేపు ప్రయత్నించి, "నాకు రాదమ్మా" అని పెట్టె మూసేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. లోపం క్రేయానులో ఉందన్న సంగతి నాలుగేళ్ళ బిడ్డకు ఎలా తెలుస్తుంది? తన చేతిలోనే లోపం ఉందనుకుంది.

ఈసారి తక్కువ వస్తువులైనా మంచివి కొనాలనుకుంటున్నాను. వెయ్యి రూపాయల దాకా పెట్టగలం. నాకున్న ఇబ్బందులు ఇవి. బాబు చేతికి అందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు. గోడలకు డిస్టెంపర్ వేసి ఉంది, ఇంటి యజమాని గోడల విషయంలో చాలా పట్టింపుగా ఉంటారు. ఎండాకాలంలో మా గది కొలిమిలా ఉంటుంది. మా అత్తగారేమో పలకా బలపం ఉంటే చాలు, ఇన్ని రంగులెందుకంటారు. ఆవిడ మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది కానీ, ఇంతకు ముందు పాప బలపం కొరుక్కుని తినడం రెండు మూడు సార్లు చూశాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

చిత్తూరు టీచరు

అమ్మా, "నాకు రాదమ్మా" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చిత్తూరులో ఇరవై ఏళ్ళకు పైగా నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ మాట అన్న పిల్లల చేతుల్లో చాలాసార్లు నేను చూసింది రంగు తక్కువ, మైనం ఎక్కువ ఉన్న క్రేయానునో, తడి తగలగానే చిరిగే కాగితాన్నో. మంచి సామాను ఇచ్చిన రోజున అదే పిల్లలు లేవమన్నా లేవరు.

మీ వెయ్యి రూపాయల్లో దాదాపు సగం కాగితానికి పెట్టండి. ఈ మాట చెబితే తల్లిదండ్రులు వింతగా చూస్తారు, ఎందుకంటే దుకాణంలో మన కన్ను రంగుల మీద పడుతుంది తప్ప కాగితం మీద పడదు. కాగితం మందాన్ని జీఎస్‌ఎం అనే లెక్కలో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న కొలత. జెరాక్స్ కాగితం మామూలుగా 70 నుంచి 80 జీఎస్‌ఎం ఉంటుంది. అది క్రేయానుకు ఫరవాలేదు కానీ, నీళ్ళ రంగు వేస్తే ముడుచుకుపోయి, రెండోసారి బ్రష్షు తగలగానే పీచులు లేస్తుంది. క్రేయాన్లకూ పోస్టర్ కలర్లకూ 120 నుంచి 150 జీఎస్‌ఎం ఉన్న డ్రాయింగు పేపరు అడిగి తీసుకోండి. పూర్తిగా నీళ్ళతో ఆడే వాటర్ కలర్లకైతే 200కు తగ్గకుండా ఉండాలి, కానీ నాలుగేళ్ళ వయసుకు దాని అవసరం ఇంకా లేదు. కాగితం కాస్త గరుకుగా ఉండడం కూడా ముఖ్యం. నున్నగా మెరిసే కాగితం మీద క్రేయాను జారుతుంది, తడి రంగు ఆరక చెదురుతుంది.

రోజువారీ గీతలకు మాత్రం కొన్న కాగితం అక్కరలేదు. ప్రింటింగు ప్రెస్సుల్లో కటింగు మిషను దగ్గర మిగిలిన ముక్కలు అడిగితే, చాలా చోట్ల తూకానికి ఇస్తారు. ఒకపక్క ఖాళీగా ఉన్న శుభలేఖల అట్టలు దాచిపెట్టుకోండి, మూలన ఉన్న పసుపు మరకతో సహా పిల్లలకు అవి ఇష్టం. పాత క్యాలెండరు వెనక వైపు కూడా పనికొస్తుంది కానీ, స్వామివారి బొమ్మ ఉన్న క్యాలెండరు వెనక గీతలు గీయించడానికి మా ఇంట్లో పెద్దలకు మనసు ఒప్పదు, అందుచేత నేను వాటి జోలికి పోను. ధారాళంగా ఖర్చుపెట్టే కాగితం ఒకటి, జాగ్రత్తగా వాడే కాగితం ఒకటి వేరువేరుగా ఉంటే, పాప కాగితం వృథా చేస్తోందన్న మాట ఇంట్లో రాదు. ఆ మాట వినిపించే ఇంట్లో పిల్లలు భయపడి చిన్న చిన్న బొమ్మలే వేస్తారు.

ఇక క్రేయాన్లు. ఇరవై నాలుగు సన్నవాటికి బదులు ఎనిమిదో పన్నెండో లావువి కొనండి. దుకాణంలో ఒక తెరిచిన పెట్టె అడిగి, ముదురు రంగు ఒకటి తీసుకుని, చేతి బరువు వేయకుండా కాగితం మీద మెల్లగా రుద్దండి. అంత మెల్లగా రుద్దినా రంగు నిండుగా పడితే అది పనికొచ్చే క్రేయాను. గట్టిగా నొక్కితేనే రంగు వచ్చేది పెద్దవాళ్ళ చేతికి తగినది, పిల్లలకు కాదు. మీరు పసుపుపచ్చతో పరీక్షించవద్దు, తెల్ల కాగితం మీద ఏ పసుపుపచ్చా సరిగా తేలదు. ఇంటికి వచ్చాక మరొక పని చేయండి: నాలుగైదు క్రేయాన్లను కావాలనే సగానికి విరవండి. ముక్క పొట్టిగా ఉంటే పిడికిలితో పట్టుకోవడానికి చోటు చాలదు, వేళ్ళు వాటంతటవే ముందుకు వస్తాయి. మీ బాబు ఇప్పుడు పిడికిలితోనే పట్టుకుంటాడు, అది అతని వయసుకు సరైన పట్టు. మూడువేళ్ళ పట్టు చాలామందికి నాలుగేళ్ళు దాటుతుండగా కుదురుకుంటుంది, దానికోసం చేయి విరిచి నేర్పకూడదు.

ఆయిల్ పేస్టల్స్ (నూనె కలిసిన మెత్తని రంగు కడ్డీలు) రంగు చాలా నిండుగా ఉంటుంది, ఒత్తిడి అవసరం లేదు, నాకు ఎంతో ఇష్టం. అయితే అవి జిడ్డు, నేల మీద పడిన పొడిని తొక్కితే గదంతా అంటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొంటే ఆగస్టు తర్వాత కొనండి. మైనపు క్రేయాన్లను కూడా వేసవిలో కిటికీ దగ్గర ఉంచకుండా, రేకు డబ్బాలో వేసి గదిలో అన్నింటికన్నా కింది అరలో పెట్టండి. స్కెచ్ పెన్నులు ఇప్పుడే వద్దు. అవి తగిలితే చాలు ముదురు గీత ఇస్తాయి కాబట్టి ఎంత నొక్కాలో చేయి నేర్చుకోదు. పిల్లలు నొక్కడం మానరు కాబట్టి మొన లోపలికి పోతుంది.

రంగులకు పోస్టర్ కలర్లు తీసుకోండి, బిళ్ళల వాటర్ కలర్లు కాదు. ఐదు సీసాలు చాలు: లెమన్ యెల్లో, నీలం, క్రిమ్సన్ ఎరుపు, తెలుపు, నలుపు. కుంకుమ రంగు ఎరుపుకన్నా గులాబీ వైపు మొగ్గే క్రిమ్సన్ ఎందుకంటే, నీలంతో కలిపినప్పుడు వంకాయరంగు శుభ్రంగా వచ్చేది దానితోనే. నారింజవైపు మొగ్గే ఎరుపుతో కలిపితే బురదరంగు వస్తుంది. ఆకుపచ్చ సీసా కొనవద్దు. పసుపుపచ్చలో నీలం కలిసి కళ్ళముందే ఆకుపచ్చ పుట్టడం చూసిన పిల్లల ముఖాలను నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నా తనివి తీరలేదు. యాక్రిలిక్ రంగులూ, బట్టల మీద వేసే ఫ్యాబ్రిక్ రంగులూ ఈ వయసుకు కొనవద్దు. అవి ఆరాక ప్లాస్టిక్ పొరలా గట్టిపడతాయి, బట్టకు పట్టినా బ్రష్షుకు పట్టినా నీళ్ళతో పోవు. బ్రష్షులు రెండు చాలు, నైలాను వెంట్రుకలవి, ఒకటి వెడల్పుది, ఒకటి పది లేదా పన్నెండు నంబరు గుండ్రటిది. నీళ్ళ గ్లాసులో తలకిందులుగా నానబెట్టకుండా, కడిగి పడుకోబెట్టి ఆరబెడితే రెండేళ్ళు వస్తాయి.

గోడ సంగతి. డిస్టెంపర్ గోడ మీద పడిన క్రేయాను గీతను తడిగుడ్డతో రుద్దితే గోడరంగే లేచి వస్తుంది, కాబట్టి అక్కడ రాకుండా చూసుకోవడమే దారి. పాప రొమ్ము ఎత్తున నాలుగు చార్టు పేపర్లు కలిపి అతికించి, అది ఆమె గోడ అని చెప్పండి. నిలబడి గోడ మీద గీసినప్పుడు భుజమూ మణికట్టూ బలపడతాయి, తర్వాత రాతకు అది ఎంతో ఉపకారం.

కాళహస్తి కలం

టీచరుగారు కాగితం గురించి రాసినది చదివి ఈ జవాబు రాయాలనిపించింది. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పని. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దితే, మా దగ్గర గీత మొదలుకొని అంతా కలంతోనే. మా పనిలో రంగు ముట్టుకునేది చాలా తర్వాత, ముందు బట్టను సిద్ధం చేసుకోవాలి. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరబెడతాం. కరక్కాయలోని వగరు నల్లరంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. అలా చేయని బట్ట మీద కలం పెడితే గీత సాలెగూడులా నాలుగు వైపులా చీలుతుంది. ఎంత నేర్పున్న చేయి అయినా అక్కడ ఏమీ చేయలేదు. కాగితానికి కూడా మిల్లులో ఇలాంటి పట్టు వేస్తారు. న్యూస్‌పేపరు కాగితానికి ఆ పట్టు సరిగా ఉండదు, అందుకే దానిమీద సిరా పాకుతుంది. మీ దగ్గర పలుచని కాగితమే ఉంటే, అన్నం వార్చిన గంజిని పలుచగా పూసి ఆరబెట్టి చూడండి. పాకడం బాగా తగ్గుతుంది.

పాప చేతికి ఒక కలం చేసి ఇవ్వండి, ఖర్చేమీ లేదు. జానెడు వెదురు పుల్ల తీసుకుని, ఒక చివర కొద్దిగా చెక్కి (మాకైతే మొన సన్నగా కావాలి, పిల్లలకు మొద్దుగానే ఉంచాలి, పెచ్చులు లేకుండా గరుకు కాగితంతో రుద్దాలి), మొనకు అంగుళం వెనక పాత కంబళి ముక్కనో నూలు గుడ్డనో ఉసిరికాయంత లావున చుట్టి దారంతో బిగించండి. ఆ గుడ్డను రంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తే రంగు మొన దాకా దిగుతుంది. కొంచెం నొక్కితే సన్నగీత, ఎక్కువ నొక్కితే లావుగీత. ఆ గుడ్డ ముద్ద చుట్టూ చిన్నవేళ్ళు చక్కగా కుదురుకుంటాయి. మా ఇంట్లో పిల్లలు పెన్సిలు కన్నా ముందు దీన్నే పట్టుకుంటారు. గీత గీయడానికి మేము వాడే బొగ్గు కూడా ఇంట్లో చేసుకోవచ్చు. ఎండిన చింతపుల్లలను మూత బిగించిన రేకు డబ్బాలో పెట్టి పొయ్యి మీద కాలిస్తే, గాలి తగలక బూడిద కాకుండా బొగ్గవుతాయి. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి, డబ్బా పూర్తిగా చల్లారాకే తెరవాలి. చింతబొగ్గు మెత్తగా గీస్తుంది, తప్పయితే గుడ్డతో దులిపితే పోతుంది. తప్పును ఇంత సులువుగా తుడిచే వస్తువు మరొకటి లేదు కనుక, భయపడే పిల్లలకు ఇది చాలా మంచిది.

రంగుల విషయం. మా నల్లరంగును కసిమి అంటాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వస్తుంది. ఎర్రరంగు పట్టడానికి పటిక నీళ్ళు వాడతాం. సహజరంగులు కదా అని కొందరు ఈ కసిమినీ పటికనూ పిల్లలకు ఇస్తున్నారు, దయచేసి ఇవ్వకండి. మట్టి నుంచో చెట్టు నుంచో వచ్చిందన్నంత మాత్రాన కడుపులోకి పోవచ్చని అర్థం కాదు. మా ఇళ్ళలో కసిమి కుండ పిల్లలకు అందనంత ఎత్తున ఉంటుంది.

పిల్లలకు వేరే రంగులున్నాయి. బచ్చలి పండ్లు నలిపితే ముదురు ఊదారంగు రసం వస్తుంది, మా చిన్నప్పుడు అదే మా సిరా. శంఖపుష్పం పూరేకులను వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది, అందులో నిమ్మరసం చుక్క వేస్తే ఊదాగా మారుతుంది, ఇంకొన్ని చుక్కలకు గులాబీ అవుతుంది. పూరేకులే వాడండి, కాయలూ గింజలూ పిల్లల చేతికి ఇవ్వకండి. పసుపు నీళ్ళతో గీసిన గీత మీద వంటసోడా కలిపిన నీళ్ళు అద్దితే ఇటుక ఎరుపు వస్తుంది. మనవాళ్ళు పారాణికి సున్నం కలుపుతారు కానీ సున్నం కళ్ళలో పడితే చాలా ప్రమాదం, పిల్లల దగ్గర సోడాయే మేలు. పసుపు కూడా విడిగా అమ్మే పొడి కాకుండా మెరుగు పెట్టని కొమ్ములు కొని దంచుకోండి, మెరుపు కోసం సీసం ఉన్న రంగు కలిపిన పసుపు కొన్నిచోట్ల పట్టుబడింది. ఈ రసాలు ఒకటి రెండు రోజుల్లో పులుస్తాయి, వీటితో వేసిన బొమ్మలు ఎండకు వెలుస్తాయి. పాపకు ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే నీలం పువ్వు మాయమైందని ఏడుస్తుంది.

పిల్లల వార్డు నర్సు, తిరుపతి

నేను డాక్టరును కాను, పిల్లల వార్డులో పనిచేసే నర్సును. మీ బాబు గురించి మాత్రమే రాస్తాను.

పెట్టె మీద "నాన్ టాక్సిక్" అన్న మాట ఒక్కటే చూసి కొనవద్దు, ఆ మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దాని పక్కన ఏ ప్రమాణం ప్రకారమో రాసి ఉందా అని చూడండి. ఈఎన్ 71 అని ఉంటే అది యూరప్ బొమ్మల భద్రతా ప్రమాణం, అందులో మూడో భాగం సీసం, కాడ్మియం వంటి లోహాలు ఎంతవరకు బయటికి రావచ్చో చెబుతుంది. ఏఎస్‌టీఎం డీ-4236 అనేది అమెరికా ప్రమాణం. దీన్ని చాలామంది పొరబాటుగా అర్థం చేసుకుంటారు. దీర్ఘకాలంలో హాని చేసే పదార్థాలేమైనా ఉన్నాయా అని పరిశీలించి, ఉంటే హెచ్చరిక అచ్చు వేయాలన్నది ఆ ప్రమాణం సారాంశం. కాబట్టి ఆ నంబరు ఉన్నా హెచ్చరికను విడిగా చదవాలి. మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆటవస్తువుగా అమ్మే రంగు పిండిముద్దల (క్లే) పెట్టెల మీద ఆ గుర్తు వెతకండి. తయారీదారు చిరునామా లేని పెట్టె ఎంత చవకైనా వద్దు. పండ్ల వాసన, చాక్లెట్ వాసన వచ్చే క్రేయాన్లు, రబ్బర్లు అసలు కొనకండి. అవి తినమని పిలిచినట్టే ఉంటాయి.

మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డుపడే వస్తువులను కొలవడానికి 3.17 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాన్ని ప్రమాణంగా వాడతారు. ఆ గొట్టంలో పూర్తిగా పట్టే ఏ వస్తువూ బాబు దగ్గర ఉండకూడదు. ఇక్కడ టీచరుగారి సలహాకు ఒక సవరణ చెప్పక తప్పదు: విరిచిన క్రేయాను ముక్కలు పాపకు మంచివే, బాబుకు మాత్రం కాదు. అతనికి గుడ్డు ఆకారంలో ఉండే పెద్ద క్రేయాను ఒకటి కొనండి, లేదా వెడల్పు బ్రష్షూ గిన్నెడు నీళ్ళూ ఇచ్చి వాకిట్లో సిమెంటు గచ్చు మీద గీయించండి. గీత పడుతుంది, ఎండకు ఆరిపోతుంది, మళ్ళీ గీస్తాడు. అదైనా మీరు పక్కన ఉన్నప్పుడే, గిన్నెలో నీళ్ళు అడుగునే ఉండాలి.

మన ప్రాంతంలో మరొక అలవాటు గురించి భయపడుతూ చెబుతున్నాను. బొమ్మలకు కళ్ళుగా అతికించడానికి పిల్లలకు గురివింద గింజలు ఇస్తారు. ఎరుపూ నలుపూ కలిసి ఎంతో అందంగా ఉంటాయి. అవి నమిలి మింగితే ప్రాణాంతకమైన విషం. ఆముదపు గింజలు కూడా అంతే. కళ్ళు కావాలంటే నల్లకాగితం కత్తిరించి అతికించండి. జిగురుగా మైదా ఉడికించిన బంక చాలు. చిటికెలో అతికే జిగురు, పర్మనెంట్ మార్కర్లు, టర్పెంటైను ఆ గదిలోనే ఉంచవద్దు. ఒకవేళ టర్పెంటైనో కిరోసినో తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ప్రమాదం. వెంటనే 108కి ఫోను చేసి, సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంట్లో మైదా, ఉప్పు, నూనెతో చేసే ముద్ద గురించి ఎవరైనా చెబుతారు. రెండు కప్పుల మైదాకు ఒక కప్పు ఉప్పు పడుతుంది కాబట్టి, అది పాపకు బాగుంటుంది కానీ తినే వయసులో ఉన్న బాబుకు ఇవ్వవద్దు. అంత ఉప్పు చిన్న శరీరానికి హాని చేస్తుంది.

చివరిగా బలపం. అది ఒకసారి నాకి చూడడం వేరు, మళ్ళీ మళ్ళీ వెతుక్కుని తినడం వేరు. బలపం, సుద్ద, మట్టి తినాలనిపించడం చాలామంది పిల్లల్లో ఇనుము తక్కువైనప్పుడు కనిపిస్తుంది. కొట్టడమో బలపం దాచడమో చేసి ఊరుకోకుండా, పిల్లల డాక్టరుకు చూపించి ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ఎడమచేతి నాన్న, చిత్తూరు

నాకు రెండు సందేహాలు. మా అబ్బాయికి ఐదేళ్ళు, ఎడమచేతి వాటం. కత్తెరతో కాగితం కత్తిరిస్తే నలుగుతుందే తప్ప తెగదు. రెండోది, బడిలో రంగులు నింపే పుస్తకాలు కొనమంటారు, గీత దాటకుండా నింపితే రాత బాగుపడుతుందంటారు. ఆ పుస్తకాలు కొనడం మంచిదేనా?

చిత్తూరు టీచరు

నర్సుగారి సవరణ సరైనదే, బాబు ఉన్న ఇంట్లో ముక్కల గురించి నేను హెచ్చరించి ఉండాల్సింది. విరిచిన ముక్కలను మూత ఉన్న డబ్బాలో పెట్టి, బాబు నిద్రపోయినప్పుడే తీయండి.

ఎడమచేతి అబ్బాయికి ఎడమచేతి కత్తెరే కొనాలండీ. మామూలు కత్తెరలో రెండు రేకులూ కుడిచేతి ఒత్తిడికి దగ్గరయ్యేట్టు అమర్చి ఉంటాయి, ఎడమచేతిలో అదే ఒత్తిడి వాటిని విడదీస్తుంది, కాగితం మధ్యలో మడత పడుతుంది. మొన గుండ్రంగా ఉన్నది, లోహపు రేకులున్నది తీసుకోండి. పూర్తి ప్లాస్టిక్ కత్తెర ఎవరి చేతిలోనూ సరిగా తెగదు. రంగులు నింపే పుస్తకం విషయంలో నా అభిప్రాయం కొందరు టీచర్లకు నచ్చదు. బడి అడిగితే ఒకటి కొనండి, ఇంట్లో మాత్రం ఖాళీ కాగితమే ఇవ్వండి. అచ్చువేసిన నెమలిని నింపి నింపి అలవాటైన పిల్లలు, ఖాళీ కాగితం ఇస్తే "నెమలి గీసివ్వండి టీచర్" అని నా దగ్గరికే వస్తారు.

బైరాగిపట్టెడ అమ్మ, తిరుపతి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, ఆదివారం గాంధీ రోడ్డుకు వెళ్ళాం. లావు క్రేయాన్లు పన్నెండు, 150 జీఎస్‌ఎం డ్రాయింగు పేపరు యాభై షీట్లు, ఐదు పోస్టర్ కలర్లు, రెండు బ్రష్షులు, నాలుగు చార్టులు వెయ్యి లోపే వచ్చాయి. దుకాణంలో క్రేయాను మెల్లగా రుద్ది చూస్తానంటే మొదట వద్దన్నారు కానీ, కారణం చెప్పాక ఆ అబ్బాయే మూడు పెట్టెలు తెరిచి చూపించాడు. మూడింటికీ ఎంత తేడా ఉందో కళ్ళారా చూశాను. ఖరీదులో మధ్యలో ఉన్నది అన్నింటికన్నా నిండుగా రంగు ఇచ్చింది. బాబుకు గుడ్డు ఆకారం క్రేయాను దొరకలేదు, ప్రస్తుతానికి అతనికి నీళ్ళూ బ్రష్షే.

సోమవారం పాపను డాక్టరుగారికి చూపించాం. రక్తం తక్కువగానే ఉంది, మందు రాసిచ్చారు. నర్సుగారూ, మీరు చెప్పకపోతే బలపం దాచిపెట్టి ఊరుకునేదాన్ని. మా అత్తగారు ఆ రోజే పలకను అటక మీద పెట్టేశారు. మర్నాడు ఆవిడే గంజి కాచి కాగితాలకు పూసి, దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరబెట్టారు. వెదురు కలం మా ఆయన చేశారు. పాప దానితో నలుపు ఒక్కటే ముంచి, కాగితం నిండా నాయనమ్మను వేసింది. ఈసారి నాయనమ్మకు చేతులు కూడా వచ్చాయి, తలలోంచి.

కాళహస్తి వారికి ఒక ప్రశ్న. మా మిద్దె మీద బచ్చలి తీగ ఉంది, కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పాప రోజూ సాయంత్రం మెట్లెక్కి చూసి వస్తోంది. పూర్తిగా నల్లబడ్డాకే కోయాలా, ఊదారంగు తిరిగితే చాలా?

కాళహస్తి కలం

పూర్తిగా నల్లబడనివ్వండమ్మా. వేళ్ళతో నొక్కితే మెత్తగా ఉండి, తొడిమ నుంచి తేలిగ్గా ఊడి రావాలి. పాత చొక్కా ఒకటి పాపకు తొడిగి ఉంచండి.